ఉద్యోగుల్లో పర్యావరణహిత అలవాట్లు పెంచడం ఎలా? ఆఫీసులకు ఒక సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఫ్యాను ఆపకుండా గది దాటని మనిషే ఆఫీసులో మీటింగ్ రూమ్ ఏసీ, లైట్లు, ప్రొజెక్టర్ అన్నీ వదిలేసి వెళ్లిపోతాడు. దారిలో అతని మనసేమీ మారిపోలేదు. ఇంట్లో ఏ స్విచ్ దేనిదో తెలుసు, బిల్లు తనే కడతాడు, ఆపితే అడిగేవాళ్లు లేరు. ఆఫీసులో స్విచ్‌బోర్డు మీద ఇరవై స్విచ్‌లుంటాయి, ఒక్కదాని మీదా పేరుండదు. కరెంటు బిల్లు ఎంతొస్తుందో ఎప్పుడూ చూసి ఉండడు. తర్వాత ఇంకెవరికైనా మీటింగ్ ఉందేమో, మధ్యలో ఆపితే ఏమనుకుంటారో అన్న సంకోచం ఒకటి.

అందుకే ఈ పని పెట్టుకున్నవాళ్లు మొదట చేయాల్సింది ఉద్యోగులకు హితబోధ కాదు. మంచి పని చేయడం తేలికయ్యేలా, చెడ్డ పని చేయడం కాస్త కష్టమయ్యేలా చుట్టూ ఉన్న ఏర్పాటును మార్చాలి. ఆ తర్వాతే మనుషులను అడగాలి. చాలా సంస్థలు దీన్ని తిరగేసి చేస్తాయి. ముందు పోస్టర్లు, ప్రతిజ్ఞలు, పర్యావరణ దినోత్సవం నాడు ఒక మొక్క, ఒక ఫొటో. మర్నాటికి అంతా మామూలే. మీరు హెచ్ఆర్‌లో ఉన్నా, అడ్మిన్‌లో ఉన్నా, ఏ హోదా లేకుండా కేవలం పట్టింపు ఉన్న ఉద్యోగి అయినా కింది వరుసలో వెళితే మీ శ్రమ వృథా పోదు.

మొదటి అడుగు: ప్రకటనకు ముందు ఒక వారం గమనించండి

ఏ కార్యక్రమమూ ప్రకటించకండి. ఒక వారం పాటు చూడండి, రాసుకోండి. అందరూ వెళ్లిపోయాక ఒక రాత్రి, సెలవు రోజు ఒక మధ్యాహ్నం అన్ని ఫ్లోర్లూ తిరగండి. ఏ లైట్లు వెలుగుతున్నాయి, ఏసీ ఎక్కడ నడుస్తోంది, ఎన్ని మానిటర్లు ఆన్‌లో ఉన్నాయి లెక్కపెట్టండి. స్క్రీన్‌సేవర్ బొమ్మలు తిరుగుతున్న మానిటర్ కరెంటు ఆదా చేస్తోందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మామూలుగానే ఖర్చు పెడుతుంది. స్క్రీన్ పూర్తిగా నల్లబడి స్లీప్‌లోకి వెళ్తేనే ఆదా.

మీటర్ రీడింగ్ రాత్రి 10 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున 5 గంటలకు ఒకసారి తీయించండి. మనుషులెవరూ లేని ఆ ఏడు గంటల్లో ఎన్ని యూనిట్లు కాలాయో చూస్తే, మీ ఆఫీసు గురించి ఏ సర్వే చెప్పనంత విషయం తెలుస్తుంది. సర్వర్లు, ఫ్రిజ్‌లు, సెక్యూరిటీ లైట్లు లాంటి తప్పనిసరి వాటా తీసేస్తే మిగిలిందంతా వృథాయే. ఐటీ వాళ్లను అడిగి ఏ ప్రింటర్‌లో నెలకు ఎన్ని పేజీలు పడుతున్నాయో తెప్పించుకోండి. ప్రింటర్ పక్కన ఎవరూ తీసుకెళ్లని కాగితాల కట్ట ఎంతుందో కూడా చూడండి. వాష్‌రూమ్‌లలో కారే కుళాయిలు వెతకండి. సెకనుకు ఒక్క చుక్క కారే కుళాయి ఏడాదిలో 11 వేల లీటర్లకు పైగా నీళ్లు పారబోస్తుంది. అలాంటి కుళాయి పక్కన «నీటిని పొదుపు చేయండి» అన్న స్టిక్కర్ ఉంటే చదివినవాళ్లకు సంస్థ మీద నమ్మకం పోతుంది. ముందు వాషర్ మార్పించండి.

ఈ వారంలో అన్నిటికన్నా విలువైన పని హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, ప్యాంట్రీ సిబ్బందితో, ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని మాట్లాడటం. ఏ టీమ్ ఏసీ వదిలేసి వెళ్తుంది, ఏ మీటింగ్ తర్వాత సగం తాగిన నీళ్ల సీసాలు మిగులుతాయి, ఏ బుట్టలో ఏం పడుతుంది అన్నీ వాళ్లకు తెలుసు. ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు. వాళ్ల మాటలు రాసుకుని, తర్వాత తీసుకునే నిర్ణయాల్లో వాళ్ల పేరు చెప్పండి.

రెండో అడుగు: రెండు మూడు పనులే ఎంచుకోండి

గమనించిన వారం తర్వాత మీ దగ్గర ముప్పై సమస్యల జాబితా ఉంటుంది. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. ఒక్కోదాన్ని మూడు ప్రశ్నలతో జల్లెడ పట్టండి. దీని ప్రభావం ఎంత? ఎంతమంది ఉద్యోగులు దీన్ని చేయగలరు? అసలు ఇది ఉద్యోగి చేతిలో ఉందా?

మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. సెంట్రల్ ఏసీ రాత్రంతా నడుస్తుంటే అది ఉద్యోగుల అలవాటు సమస్య కాదు, టైమర్ సమస్య. దానికి ఈమెయిల్ పంపితే చేతగానిదాన్ని చేయమని అడిగినట్టవుతుంది. యంత్రంతో తీరేది యంత్రంతో తీర్చండి. మనుషుల సహకారం నిజంగా అవసరమైన చోటికి వాళ్ల ఓపికను దాచిపెట్టుకోండి. ఆ ఓపిక తరగనిదేమీ కాదు.

ప్రభావం విషయంలోనూ నిజాయితీగా ఉండాలి. స్ట్రాలు మానేయడం కంటికి కనిపిస్తుంది, కానీ చాలా ఆఫీసుల్లో అసలు బరువు కరెంటు, ప్రయాణాలు, కొనుగోళ్ల మీద ఉంటుంది. భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలను లెక్కించడానికి ప్రపంచమంతా వాడే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ వాటిని మూడు స్కోప్‌లుగా విడదీస్తుంది: సంస్థ తానే కాల్చే ఇంధనం, కొన్న కరెంటు, మిగిలిన పరోక్ష ఉద్గారాలు. మూడో స్కోప్‌లో 15 విభాగాలున్నాయి. ఆరోది ఆఫీసు పని మీద చేసే ప్రయాణాలు, ఏడోది ఉద్యోగులు రోజూ ఇంటి నుంచి వచ్చిపోయే ప్రయాణాలు. ఆ రెండు విభాగాలూ మీ జాబితాలో లేకపోతే జాబితా మళ్లీ చూసుకోండి.

ఎంచుకున్న పనిని ఒక చేష్టగా రాయండి. «శక్తిని ఆదా చేద్దాం» అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. «మీటింగ్ రూమ్ నుంచి ఆఖరున వచ్చేవారు తలుపు పక్కనున్న ఆకుపచ్చ స్విచ్ నొక్కాలి» అంటే ఎవరు, ఎప్పుడు, ఏం చేయాలో తెలుస్తుంది. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ పని ఇంకా అడగదగ్గ స్థితికి రాలేదు.

మూడో అడుగు: పైవాళ్లు ముందు చేయాలి

2005లో జపాన్ పర్యావరణ మంత్రిత్వ శాఖ వేసవిలో ఆఫీసుల ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టాలని «కూల్ బిజ్» ప్రచారం మొదలుపెట్టింది. కోటు, టై వేసుకుని 28 డిగ్రీల్లో కూర్చోవడం కష్టం. ఆఫీసు మర్యాదేమో కోటు, టై వేసుకోమంటుంది. కింది ఉద్యోగి ఎంత ఉక్కపోసినా తానుగా టై తీయలేడు. అందుకే ప్రధాని జునిచిరో కొయిజుమి స్వయంగా టై లేకుండా కనిపించారు. పైవాళ్లు వేసుకోకపోతే కిందివాళ్లకు తీసేసే స్వేచ్ఛ వస్తుంది. ఆ ప్రచారంలో ఉష్ణోగ్రత అంకె కన్నా ఈ కిటుకు గొప్పది.

మీ ఆఫీసులోనూ ఇలాంటి ముడి ఒకటి ఉంటుంది. బాస్ పక్క ఊరి మీటింగ్‌కు విమానంలో వెళ్తూ టీమ్‌ను వీడియో కాల్‌కు సరిపెట్టుకోమంటే ఎవరూ పట్టించుకోరు. మేనేజ్‌మెంట్‌ను ఉపన్యాసం అడక్కండి, ఒక పని అడగండి. అందరికీ కనిపించే పని. దాంతోపాటు ఇంకో మూడు రాతపూర్వకంగా తీసుకోండి: చిన్న బడ్జెట్, ఈ పని చేసేవాళ్లకు పనివేళల్లోనే కొంత సమయం, చిన్నచిన్న సెట్టింగులు మార్చడానికి ప్రతిసారీ పై అనుమతి అక్కర్లేని అధికారం. ఈ మూడూ దొరక్కపోతే ఆఫీసంతటికీ ప్రకటించకుండా మీ ఒక్క టీమ్‌లోనే మొదలుపెట్టండి. అక్కడి లెక్కలు చూపించి తర్వాత అడగొచ్చు.

నాలుగో అడుగు: ముందుగా పెట్టి ఉంచిన సెట్టింగులు మార్చండి

ఎక్కువ ఫలితం, తక్కువ గొడవ ఇక్కడే. మనుషులు తమ ముందు ఏది సెట్ చేసి ఉంటే దాన్నే వాడతారు. స్వీడన్‌లోని ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో ప్రింటర్ల డిఫాల్ట్ సెట్టింగును ఒకవైపు నుంచి రెండువైపుల ముద్రణకు మార్చినప్పుడు కాగితం వాడకం 15 శాతం తగ్గిందని 2016లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అదే చోట ప్రింట్లు తగ్గించమని ఇచ్చిన నైతిక పిలుపుతో ఫలితం రాలేదు. ఒకవైపు ముద్రణ కావాలనుకున్నవాళ్లకు ఆ అవకాశం అలాగే ఉంది, ఒక క్లిక్ ఎక్కువ, అంతే.

ఈ దారిలో చేయదగ్గవి చాలా ఉన్నాయి. రెండువైపుల, నలుపు-తెలుపు ముద్రణ డిఫాల్ట్. ఉద్యోగి కార్డు చూపిస్తేనే ప్రింట్ బయటికి వచ్చే ఏర్పాటు, దీంతో మరిచిపోయిన ప్రింట్లు పడవు. కొన్ని నిమిషాల తర్వాత అన్ని కంప్యూటర్లూ స్లీప్‌లోకి వెళ్లేలా ఐటీ నుంచే సెట్ చేయడం. మీటింగ్ ఆహ్వానం పంపేటప్పుడు వీడియో లింక్ దానంతటదే చేరడం. ప్యాంట్రీలో కప్పులు అల్మరాలో కాక ముందు వరుసలో, వాడి పారేసే గ్లాసులు అడిగితేనే ఇచ్చేలా.

క్యాంటీన్ ఉంటే అక్కడ ఇంకా పని ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ క్యాంటీన్లలో శాకాహార వంటకాల వాటాను 25 శాతం నుంచి 50 శాతానికి పెంచితే వాటి అమ్మకాలు 41 నుంచి 79 శాతం దాకా పెరిగాయని 2019లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఎవరికీ ఏదీ నిషేధించలేదు. నార్వే పరిశోధకులు హోటళ్లలో ప్లేట్ల సైజు తగ్గించి చూస్తే పారేసే ఆహారం సుమారు 20 శాతం తగ్గింది. మళ్లీ వడ్డించుకోవచ్చన్న బోర్డు పెట్టినా దాదాపు అంతే తగ్గింది.

అయితే డిఫాల్ట్‌కు ఒక హద్దు ఉంది, దాన్ని దాటకూడదు. పలు దేశాలు కలిసి నడిపే ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ తన ఆఫీసులోనే చలికాలంలో ఒక ప్రయోగం చేసింది. గది ఉష్ణోగ్రతను నియంత్రించే థర్మోస్టాట్ డిఫాల్ట్‌ను ఒక డిగ్రీ తగ్గించినప్పుడు ఉద్యోగులు ఎంచుకున్న ఉష్ణోగ్రత సగటున 0.38 డిగ్రీలు తగ్గింది. అంతకన్నా ఎక్కువ తగ్గించేసరికి చలికి తట్టుకోలేక చాలామంది లేచి సెట్టింగు మార్చేసుకున్నారు, ఫలితం పలచబడింది. కాబట్టి ఉష్ణోగ్రత జోలికి వెళ్లినప్పుడు ఒక్కో డిగ్రీ చొప్పున, వారం రెండు వారాల ఎడంతో మార్చండి. కిటికీ పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలే చోట కూర్చున్నవాళ్లను ముందే అడగండి. వాళ్ల సీటు మార్చడంతోనే సగం ఫిర్యాదులు పోతాయి.

ఐదో అడుగు: చెత్త వేరు చేయించడం

దీనికి విడిగా చోటివ్వాలి, ఎందుకంటే దాదాపు ప్రతి ఆఫీసూ ఇక్కడే మొదలుపెడుతుంది, ఎక్కువ ఆఫీసులు ఇక్కడే దెబ్బతింటాయి.

సాయంత్రం ఏడు గంటలకు మీ ఫ్లోర్‌లో నిలబడి చూడండి. హౌస్‌కీపింగ్ మనిషి ట్రాలీ తోసుకుంటూ వస్తుంది. ఆకుపచ్చ బుట్టలోంచి తడి చెత్త సంచి తీస్తుంది, నీలం బుట్టలోంచి పొడి చెత్త సంచి తీస్తుంది, రెండూ ట్రాలీకి కట్టిన ఒకే నల్ల సంచిలో వేస్తుంది. తప్పు ఆమెది కాదు. ట్రాలీకి ఒక్కటే కొక్కెం ఉంది, ఆమెకు ఇచ్చింది ఒక్క పెద్ద సంచే, కింద లారీ ఆగేది పావుగంటే. ఆలస్యంగా ఇంటికి బయల్దేరుతున్న ఒక ఉద్యోగి దీన్ని చూస్తాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆఫీసంతా తెలిసిపోతుంది: «ఎలా వేసినా చివరికి కలిపేస్తారటగా!» ఆ మాట ఒకసారి పుట్టాక మీ బుట్టల రంగులకు విలువ ఉండదు.

అందుకే చివర నుంచి మొదలుపెట్టండి. చెత్త తీసుకెళ్లే ఏజెన్సీతో మాట్లాడి ఏమేం తీసుకుంటారు, ఎంత శుభ్రంగా ఉండాలి, ఎక్కడికి తీసుకెళ్తారు రాయించుకోండి. తర్వాత వెనుక భాగంలో రెండు రకాలకూ వేర్వేరు నిల్వ చోటు. తర్వాత ట్రాలీకి రెండు సంచులు, సిబ్బందికి గ్లౌజులు, ఈ అదనపు పనికి అదనపు సమయం. అన్నిటికన్నా చివర ఫ్లోర్ మీద బుట్టలు. వారానికి ఎన్ని కిలోలు రీసైక్లింగ్‌కు వెళ్లాయో తూకం చీటీ ఫొటో తీసి నోటీసు బోర్డు మీద పెట్టండి. పుట్టిన అనుమానం ఆ చీటీతో సగం పోతుంది.

బుట్టలు ఎక్కడ పెట్టాలి? చేయి చాచితే అందేంత దగ్గర. 1994లో ప్రచురితమైన ఒక ఆఫీసు అధ్యయనంలో కాగితం వేసే డబ్బా ఒకే చోట కేంద్రంగా పెట్టినప్పుడు 28 శాతం కాగితమే రీసైక్లింగ్‌కు చేరింది. అదే డబ్బా ఉద్యోగుల బల్లల మీదికి వచ్చేసరికి 85 నుంచి 94 శాతానికి పెరిగింది. అదే మనుషులు, మారింది దూరం ఒక్కటే. మూత ఆకారం కూడా చిన్న విషయం కాదు. సీసాలకు గుండ్రని రంధ్రం, కాగితానికి సన్నని చీలిక ఉన్న మూతలు పెడితే పానీయాల డబ్బాలు, సీసాల రీసైక్లింగ్ 34 శాతం పెరిగిందని, అందులో కలిసే వేరే చెత్త 95 శాతం తగ్గిందని 2009 నాటి ఒక అధ్యయనంలో తేలింది. మూత దగ్గర చేయి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలో ఆలోచన వస్తుంది.

బుట్ట మీద «పొడి చెత్త» అని రాసి వదిలేయకండి. మీ ఆఫీసులో నిజంగా పడే వస్తువుల ఫొటోలే అతికించండి. ఎక్కువగా తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి, వాటిని పేరుపేరునా చెప్పాలి. పేపర్ కప్పు చూడ్డానికి కాగితమే కానీ లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, చాలామంది కాగితం రీసైక్లర్లు తీసుకోరు. నూనె అంటిన అట్టపెట్టె శుభ్రమైన కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. పాత బ్యాటరీలు, ఛార్జర్లు పొడి చెత్తలో వేయకూడదు, లిథియం బ్యాటరీ నలిగితే మంటలు లేస్తాయి. వాటికి ఐటీ డెస్క్ దగ్గర వేరే పెట్టె ఉండాలి.

ఆరో అడుగు: మాట ఎలా చెప్పాలి

ఇప్పుడు పోస్టర్లకు వేళయింది. కానీ ఏం రాయాలన్నది తేలిక విషయం కాదు.

హోటల్ గదుల్లో తువ్వాళ్లు మళ్లీ వాడమని పెట్టే కార్డుల మీద గోల్డ్‌స్టీన్, సియాల్డీని, గ్రిస్కెవిషియస్ 2008లో ప్రచురించిన పరిశోధన ఉంది. పర్యావరణాన్ని కాపాడమన్న మామూలు కార్డుకు సుమారు 35 శాతం మంది స్పందించారు. ఎక్కువమంది అతిథులు తువ్వాళ్లు మళ్లీ వాడుతున్నారన్న కార్డుకు 44 శాతం. ఇదే గదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది అలా చేశారని చెప్పిన కార్డు రెండో ప్రయోగంలో ఇంకా బాగా పనిచేసింది. మనలాంటివాళ్లు, మన చోటే ఏం చేస్తున్నారన్నది మనల్ని కదిలిస్తుంది. కాబట్టి «మూడో ఫ్లోర్‌లో పదిమందిలో ఏడుగురు సొంత సీసా తెచ్చుకుంటున్నారు» అని రాయండి. అది నిజమైతేనే. అంకె కల్పించకండి, ఆఫీసులో అబద్ధం వారం కూడా దాగదు.

దీనికి తిరగబడే గుణం కూడా ఉంది. అమెరికాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్‌లో, గతంలో చాలామంది సందర్శకులు శిలాజ కలప ఎత్తుకెళ్లారని బోర్డు పెట్టిన చోట దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. దయచేసి తీసుకెళ్లొద్దని మాత్రమే రాసిన చోట 2 శాతంలోపే. «మనలో చాలామంది లైట్లు ఆపడం లేదు, సిగ్గుపడాలి» అని మెయిల్ పంపేవాళ్లు సరిగ్గా ఆ మొదటి బోర్డే పెడుతున్నారు. ఆపకపోవడమే ఇక్కడి ఆనవాయితీ అని చదివినవాళ్లకు నేర్పుతున్నారు.

చెప్పే చోటు కూడా ముఖ్యం. మీటింగ్ రూమ్ ఏసీ గురించిన మాట తలుపు లోపలివైపు, కంటి ఎత్తులో ఉండాలి, లిఫ్టు దగ్గర ఉంటే పనిచేయదు. ఒకే కాగితం మూడు నెలలు అక్కడే ఉంటే గోడలో కలిసిపోతుంది. మార్చండి లేదా తీసేయండి.

ఏడో అడుగు: లెక్క చూపించండి

ఆఫీసులో ఎవరికీ బిల్లు కనిపించదు కాబట్టి మీరే చూపించాలి. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయ భవనాల్లో కారికో, రీమర్ చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. తమ భవనం కరెంటు ఎంత వాడుతోందో నెలనెలా తెలుసుకున్న ఉద్యోగుల భవనాల్లో వాడకం 7 శాతం తగ్గింది. సహోద్యోగి ఒకరు చెప్పి ప్రోత్సహించిన చోట 4 శాతం తగ్గింది. ఏమీ చేయని చోట 4 శాతం పెరిగింది. కొత్త యంత్రాలు కొనకుండా, ఒక లెక్క చూపించి సాధించిన తేడా ఇది.

లెక్క టీమ్ స్థాయిలో గానీ ఫ్లోర్ స్థాయిలో గానీ ఉండాలి. సంస్థ మొత్తం లెక్క ఎవరికీ తమదనిపించదు, ఒక్కో మనిషి లెక్క వేస్తే నిఘా అనిపిస్తుంది. ఫ్లోర్‌కు విడిగా సబ్‌మీటర్ పెట్టించగలిగితే బాగుంటుంది. లేకపోతే ప్రింటర్ పేజీలు, చెత్త తూకం, సాయంత్రం ఆపకుండా వదిలేసిన మీటింగ్ రూమ్‌ల సంఖ్య, ఇలా ఉన్నవాటితోనే మొదలుపెట్టండి.

సగటు చూపించేటప్పుడు ఒక జాగ్రత్త. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో ఇళ్లకు పొరుగువాళ్ల సగటు కరెంటు వాడకం తెలియజేసినప్పుడు ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు, కానీ తక్కువ వాడేవాళ్లు సగటు వైపు పెరిగారు. వాళ్ల చీటీ మీద ఒక నవ్వు ముఖం గీసి మెచ్చుకున్నాక ఆ పెరుగుదల పోయింది. 2007 నాటి ఈ అధ్యయనం చెప్పేదేంటంటే, బాగా చేస్తున్న ఫ్లోర్‌కు సగటు చూపించి వదిలేయకూడదు, మెచ్చుకోలు కూడా పంపాలి.

ఎనిమిదో అడుగు: బృందం

ప్రతి ఫ్లోర్ నుంచి ఒకరిద్దరిని తీసుకోండి. చెట్లంటే ప్రాణమిచ్చేవాళ్లనే ఏరుకోవద్దు. వాళ్లు ఎలాగూ మీతో ఉంటారు. టీ దగ్గర పదిమంది చుట్టూ చేరే మనిషి, కొత్తవాళ్లు సందేహం వస్తే ముందు అడిగే మనిషి, కాస్త విసుక్కునే సీనియర్ ఒకరు, వీళ్లు కావాలి. విసుక్కునే సీనియర్ ఒప్పుకుంటే మిగతావాళ్లను ఒప్పించే పని సగం అయిపోతుంది. హౌస్‌కీపింగ్ నుంచి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. మీటింగ్‌లో వాళ్లకు కుర్చీ వేయండి, వాళ్ల పనివేళల్లోనే మీటింగ్ పెట్టండి.

ఈ పని స్వచ్ఛందం పేరుతో ఆఫీసు వేళల తర్వాత చేయించకండి. నాలుగు నెలలకు ఉత్సాహం ఉన్నవాళ్లే అలసిపోయి తప్పుకుంటారు. ఏడాది చివరి పనితీరు సమీక్షలో దీన్నీ ఒక పనిగా రాయించండి. బృందానికి ఏదో ఒక నిర్ణయం నిజంగా వాళ్ల చేతిలో పెట్టండి: చిన్న బడ్జెట్ ఎలా ఖర్చు చేయాలన్నదైనా సరే.

తొమ్మిదో అడుగు: బహుమతులు, జరిమానాలు

క్లుప్తంగా చెబుతాను: రెంటి విషయంలోనూ నిదానించండి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాలు, ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. గ్నీజీ, రస్టికినీ 2000లో ప్రచురించిన ఈ పరిశోధనలో ఇంకా విచారకరమైన సంగతి, జరిమానా ఎత్తేశాక కూడా పరిస్థితి మునుపటికి రాలేదు. డబ్బు కట్టేశాం కదా అనుకున్నాక మొహమాటం పోతుంది. ఆఫీసులో లైటు ఆపనివాళ్లకు జరిమానా అంటే అదే జరుగుతుంది.

వస్తువు మీద వేసే చిన్న రుసుము వేరు. వాడి పారేసే కప్పుకు విడిగా రుసుము పెడితే సొంత కప్పు తెచ్చుకునేవాళ్లు పెరిగారని, సొంత కప్పుకు తగ్గింపు ఇస్తే మాత్రం ప్రభావం కనిపించలేదని కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. ఒకే మొత్తమైనా పోయేది వచ్చేదానికన్నా గట్టిగా తగులుతుంది. బహుమతి ఇవ్వాలనుకుంటే టీమ్‌కు ఇవ్వండి, ముందే ప్రకటించకుండా ఇవ్వండి. పోటీ పెడితే నెల మించనివ్వకండి, పోటీ ముగిశాక అలవాటు కూడా ముగిసిపోవడం మామూలే.

పదో అడుగు: రాకపోకలు

చాలా ఆఫీసులు దీన్ని ఉద్యోగుల సొంత విషయమని వదిలేస్తాయి. నిజానికి పార్కింగ్ ఉచితంగా ఇచ్చి బస్ పాస్‌కు ఏమీ ఇవ్వని సంస్థ అప్పటికే ఒక పక్షం వహించినట్టే. సైకిల్ మీద వచ్చేవాళ్లకు భద్రమైన స్టాండ్, స్నానానికి చోటు, లాకర్. కార్‌పూల్ చేసేవాళ్లకు గేటు దగ్గరి పార్కింగ్. అనుకోకుండా ఇంట్లో అత్యవసరం వస్తే కార్‌పూల్ మనిషిని ఆఫీసు క్యాబ్‌లో పంపే హామీ. ఈ హామీని వాడుకునేవాళ్లు తక్కువే ఉంటారు, కానీ అది లేకపోతే కార్‌పూల్‌లో చేరడానికే చాలామంది జంకుతారు.

సమయం చూసుకుని అడగండి. ఏళ్ల తరబడి ఒకే దారిలో కారులో వచ్చే మనిషి మాటతో మారడు. ఇల్లు మారినవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు, ఆఫీసు భవనం మారినప్పుడు అందరూ, ఎలా రావాలో కొత్తగా ఆలోచించుకుంటారు. ఇల్లు మారినవాళ్ల మీద వెర్‌ప్లాంకెన్, రాయ్ చేసిన అధ్యయనం ఈ అవకాశం సుమారు మూడు నెలలు ఉంటుందని సూచించింది. చేరే మొదటి రోజుకు ముందే బస్సు దారులు, కార్‌పూల్ వివరాలు వాళ్ల చేతిలో ఉండాలి.

ఆఫీసు పని మీద వెళ్లే ప్రయాణాలకు ఒక్క నియమం చాలు: విమానం బుక్ చేయాలంటే, వీడియో కాల్ ఎందుకు సరిపోదో, రైలు ఎందుకు కుదరదో ఒక వాక్యం రాయాలి. తిరస్కరించాల్సిన అవసరం రాదు. రాయాల్సి వచ్చేసరికి కొన్ని ప్రయాణాలు వాటంతటవే ఆగిపోతాయి.

పదకొండో అడుగు: ఎదురయ్యే మాటలకు జవాబు

«నేనొక్కణ్ని ఆపితే ఏమవుతుంది?» అని అడిగే మనిషితో వాదించకండి. ఫ్లోర్ లెక్క చూపించండి. «ముందు సంస్థ పెద్ద ఖర్చులు తగ్గించుకోమనండి» అనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. సంస్థ తన వంతుగా ఏం చేసింది, ఏం చేయలేదు రెండూ చెప్పండి. చేయనిది దాచి చేసింది మాత్రమే డప్పు కొడితే ఉద్యోగులు గ్రహిస్తారు. «పని ఒత్తిడిలో ఇదెక్కడ?» అనేవాళ్ల మాట వింటే సాధారణంగా ఏదో ఒక ఏర్పాటు కష్టంగా ఉందని అర్థం. ఏది అడ్డమవుతోందో అడిగి దాన్ని సరిచేయండి.

ఆరోగ్య కారణాలున్నవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు ప్రతి నియమంలోనూ వెసులుబాటు ఉండాలి. స్ట్రా అవసరమైనవాళ్లుంటారు, లిఫ్టు అవసరమైనవాళ్లుంటారు, వెచ్చదనం అవసరమైనవాళ్లుంటారు. నలుగురిలో కారణం చెప్పుకోవాల్సిన పరిస్థితి వాళ్లకు రాకూడదు.

పన్నెండో అడుగు: పాతుకునేలా చేయడం

కొత్త అలవాటు కుదరడానికి ఎంతకాలం పడుతుంది? 21 రోజులన్న మాట చాలా ప్రచారంలో ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగటు 66 రోజులుగా తేలింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. కాబట్టి నెల రోజుల ప్రచారం పెట్టి ఫలితం లేదని వదిలేయడం తొందరపాటు. ఒక్కో పనికి కనీసం ఒక త్రైమాసికం ఇవ్వండి. అది కుదురుకున్నాకే రెండోది మొదలుపెట్టండి.

మనుషుల ఉత్సాహం మీద ఆధారపడకుండా నిలవాలంటే మీరు సాధించింది కాగితాల్లోకి ఎక్కాలి. కొత్త ఉద్యోగుల ఇండక్షన్‌లో పది నిమిషాలు, వీలైతే బుట్టల దగ్గరికి, స్విచ్‌ల దగ్గరికి తీసుకెళ్లి చూపించడం. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో చెత్త వేరుగా తీసుకెళ్లాలన్న షరతు. క్యాంటీన్ కాంట్రాక్టులో మిగిలిన ఆహారం రోజూ తూచి రాయాలన్న షరతు. ఐటీ కొనుగోళ్లలో కరెంటు వాడకం, మరమ్మతు చేయించుకోగలగడం చూడాలన్న నిబంధన. సంస్థ పెద్దదైతే ఐఎస్ఓ 14001 అనే అంతర్జాతీయ పర్యావరణ నిర్వహణ ప్రమాణం ఈ పనికి ఒక చట్రం ఇస్తుంది. 1996లో తొలిసారి వచ్చిన ఈ ప్రమాణం, తన పని పర్యావరణం మీద ఏ ప్రభావం చూపుతుందో ప్రతి ఉద్యోగికీ అవగాహన ఉండాలని కోరుతుంది. చిన్న సంస్థకు సర్టిఫికెట్ అక్కర్లేదు, దానిలోని క్రమం చాలు: అనుకోవడం, చేయడం, కొలవడం, సరిదిద్దుకోవడం.

ఆరు నెలలకోసారి మొదటి వారం చేసిన పనే మళ్లీ చేయండి. అదే రాత్రి నడక, అదే మీటర్ రీడింగ్, అవే బుట్టలు, అవే ప్రింటర్ లెక్కలు. పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. మారనివి ఏవో చూసి, ఆ పనిని ఆపేయాలా, ఏర్పాటు మార్చి మళ్లీ ప్రయత్నించాలా బృందంతో తేల్చుకోండి. ఆపేస్తే ఆపేశామని, ఎందుకో ఉద్యోగులకు చెప్పండి. కాంట్రాక్టు షరతులు, సెట్టింగుల వివరాలు, ఏజెన్సీ ఫోన్ నంబర్లు, ఈ లెక్కలు అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి అడ్మిన్ దగ్గర ఒక కాపీ ఉంచండి, మీ తర్వాత ఈ బాధ్యత తీసుకునేవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేకుండా.